దేవుడల్లే అన్న మాట

కొత్తగా చేరిన తెలుగు పండితులు ఏటా ఇద్దరు ముగ్గురు నన్ను వెతుక్కుంటూ వస్తారు. మంచినీళ్లు తాగి, నా ఆరోగ్యం అడిగి, ఆ తర్వాత సంచిలోంచి తెల్లకాగితాలు తీస్తారు. ఎవరో పెద్దమనిషికి సన్మానమట, పత్రం రాసిపెట్టాలట. "మీ చెయ్యి పడితే ఆ అందమే వేరు మాస్టారూ" అంటారు. నేను రాయను. ఎందుకు రాయనో చెప్పబోతే ముసలాయనకు చాదస్తం అనుకుంటారు. అనుకోనీండి. నన్ను ఎవరు ఎప్పుడు ఏమన్నారో, ఏ బల్ల మీద కూర్చోబెట్టారో నాకు ఒక్కటీ మరపు రాదు. ఇదీ మరపు రాలేదు. ఒకసారి రాసి పడేస్తాను. చదువుకోండి, మళ్లీ అడగొద్దు.

అది యాభైల నాటి సంగతి. అప్పటికి ప్రకాశం జిల్లా పుట్టలేదు, ఒంగోలు కూడా గుంటూరు జిల్లాలోనే ఉండేది. చిలకలూరిపేట దాటి లోపలికి పోయే నల్లరేగడి దారిలో ఒక జిల్లా బోర్డు హైస్కూలులో నాకు ఉద్యోగం. బడికి ఒకవైపు పత్తి చేలు, ఇంకోవైపు మిరప చేలు. మాఘమాసం వచ్చి కల్లాల్లో కాయలు ఎండబోశారంటే మా ప్రార్థన తుమ్ములతో మొదలై తుమ్ములతో ముగిసేది.

తెలుగు పండితుడంటే ఆ రోజుల్లో ఎవడికీ లెక్కలేదు. ఇంగ్లీషు, లెక్కలు చెప్పే మాస్టర్లకు చేతుల కుర్చీలు. నాకూ డ్రిల్లు మాస్టరుకూ కలిపి ఒక బల్ల, దానికీ ఒక కాలు కురచ. హెడ్మాస్టరు నన్ను పేరు పెట్టి పిలిచిన రోజు లేదు. "ఏమండీ తెలుగూ, ఇట్లా రండి" అనేవాడు. ఆ పిలుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. పైగా నాది టెంపరరీ ఉద్యోగం. పర్మనెంటు కావాలంటే హెడ్మాస్టరు సిఫారసు చేయాలి, బడి కమిటీ ప్రెసిడెంటు సరేననాలి.

ఆ ప్రెసిడెంటుకు ఊళ్లో పత్తి మిల్లు ఉంది. బడికి స్థలం ఇచ్చింది ఆయనే. ఇచ్చినవాడు ఇచ్చి ఊరుకోలేదు. ఏటా వార్షికోత్సవంలో ఆయనకు సన్మానం జరగాల్సిందే. పత్రం గుంటూరులో బంగారు రంగు అక్షరాలతో అచ్చువేయించి, అద్దాలు కట్టించి, ఒకటి ఆయన ఇంటికి పంపేవాళ్లు, ఒకటి బడి హాలు గోడకు తగిలించేవాళ్లు. ఏడాదికి ఆ ఒక్కరోజు మాత్రం నేను గుర్తొచ్చేవాణ్ణి.

సన్మాన పత్రం ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. ప్రతి పేరా ఒక పిలుపుతో మొదలవుతుంది, దాని చివర ఒక దీర్ఘం, ఒక ఆశ్చర్యార్థకం. మొదటి ఏడు "దివ్యతేజోమూర్తీ!" అన్నాను. రెండో ఏడు "దైవాంశసంభూతా!" మూడో ఏడు "దేవతుల్యా!" నాలుగో ఏడు "అమరసన్నిభా!" పాత పత్రాలన్నీ వరసగా గోడ మీదే ఉన్నాయి కదా, ప్రెసిడెంటు బావమరిది ఉత్సవానికి ముందే వచ్చి కొత్తదాన్ని పాతవాటితో సరిచూసేవాడు. "పోయినేటి మాట మళ్లీ వేశావంటే మా బావకు పాత పంచె కట్టబెట్టినట్టే పంతులూ" అనేవాడు.

అందుకని ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. దేవుడికీ స్వర్గానికీ సంబంధించిన మాటలన్నీ అందులో పేజీకొకటి రాసుకునేవాణ్ణి. ఏ మాట ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు, అదీ రాసుకునేవాణ్ణి. దివ్యం మంచి మాటే గాని పులిహోరకూ అదే, పాటకచేరీకీ అదే. వాడి వాడి అరిగిపోయింది. దైవికం అంటే మనిషి చెయ్యి లేకుండా జరిగినది, దానితో మనిషిని పొగడలేం. అలౌకికం అంటే ఈ లోకంతో పనిలేనివాడని. మిల్లు ఓనరును అట్లా అంటే ఆయనే నొచ్చుకుంటాడు. స్వర్గీయ అన్నది మనిషి పోయాక గాని వాడకూడదు. లెక్కల మాస్టరు నా భుజం మీదుగా ఆ పేజీ చదివి, "తొందరపడకండి పంతులూ, దానికీ టైమొస్తుంది" అనేవాడు. గది గదంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. నాకు ఆ పని ఇష్టంగానే ఉండేది, అబద్ధమెందుకు? ఏ మాట ఎక్కడ కూర్చోవాలో ఆ ఊళ్లో నాకొక్కడికే తెలుసన్న గీర ఉండేది.

ఇక మా బడి గంట కొట్టే సాయిబు. ఊరంతా ఆయన్ను సాయిబనే పిలిచేది. కమిటీ వేసుకున్న ప్యూను, ఆయనదీ టెంపరరీయే, పదిహేనేళ్లుగా టెంపరరీ. రైలు పట్టా ముక్క వేపకొమ్మకు వేలాడుతుండేది, దాన్ని మూరెడు ఇనపకడ్డీతో కొట్టేవాడు. అలవాటల్లా పొడుం. మొలలో రేకు డబ్బీ ఎప్పుడూ ఉండేది. ఆ బడిలో నన్ను "పంతులుగారండీ" అని పిలిచిన మనిషి ఆయనొక్కడే. శనివారం శనివారం గోడ మీది అద్దాలు తుడుస్తూ నన్ను అడిగేవాడు.

"ఈ పెద్దక్షరాలు ఏందండీ?"

"దేవతుల్యా అని. దేవుడితో సమానమైనవాడా అని అర్థం."

"ఎవరండీ?"

"ప్రెసిడెంటు గారు."

"ఓహో" అనేవాడు. చిటికెడు పొడుం పీల్చి, రెండో అద్దం తుడిచేవాడు. ఆ "ఓహో" లో ఏమీ లేదని అప్పట్లో అనుకున్నాను.

ఐదో ఏడు మిల్లులో చోటు చాల్లేదు. ప్రెసిడెంటు పత్తి కుక్కిన తన గోనె బోరేలు తెచ్చి మా బడి పాకలో వేయించాడు. ఆ తాటాకు పాకలో ఫస్టుఫారం, అంటే ఇప్పటి ఆరో తరగతి, పిల్లలు కూర్చునేవాళ్లు. మధ్యలో ఒక తడక కట్టి, వాకిలి వైపు సగం పత్తికిచ్చారు, వెనక సగం పిల్లలకిచ్చారు. పిల్లలు బోరేల మధ్య సందులోంచి లోపలికి పోవాలి. సాయిబు హెడ్మాస్టరు దగ్గరికి పోయి నిలబడ్డాడు. నేను అక్కడే ఉన్నాను.

"అయ్యగారండీ, అది పత్తండీ. ఇది తాటాకండీ. పిల్లలు వెనకున్నారండీ."

"బడికి స్థలం ఎవరిచ్చారో తెలుసా నీకు?"

"తెలుసండీ."

"తెలిస్తే పోయి గంట కొట్టు."

వారం తర్వాత మళ్లీ పోయి చెప్పాడు. మళ్లీ గంట కొట్టమన్నారు.

ఒకరోజు మధ్యాహ్నం పాక అంటుకుంది. ఎట్లా అంటుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. మిల్లు మనుషులు పొద్దున వచ్చి బోరేలు సర్దిపోయారు, అంతవరకు తెలుసు. ఆ పీరియడు వాళ్ల మాస్టరు సెలవు. నేను అవతలి భవనంలో పద్యం చెబుతున్నాను. కేకలు విని బయటికి వచ్చేసరికి వాకిలి వైపంతా మంట. మేం మాస్టర్లం బావి దగ్గరికి పరిగెత్తాం, బొక్కెనకు తాడు లేదని ఒకళ్లనొకళ్లం తిట్టుకున్నాం. సాయిబు మాత్రం గంట కొట్టే కడ్డీ పట్టుకుని పాక వెనక్కి పోయాడు. మట్టి మెత్తిన దడిని ఆ కడ్డీతో పొడిచి పొడిచి, మనిషి దూరేంత కంత చేసి, లోపలికి దూరాడు. పిల్లల్ని ఒక్కొక్కళ్లనే అందించాడు. బయట డ్రిల్లు మాస్టరు అందుకున్నాడు. అందరూ వచ్చారు. ఒక్కరికీ ఏమీ కాలేదు. సాయిబు కనుబొమలు మాడిపోయాయి, కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది.

పొగ చూసి మిరప కోతకు పోయిన ఆడవాళ్లంతా చేలకడ్డం పడి వచ్చారు. అందులో ఒకామె కూతురు ఆ క్లాసులోనే చదువుతోంది. బిడ్డను తడిమి చూసుకుని, తిరిగి సాయిబు కాలిన చెయ్యి పట్టుకుని, "దేవుడల్లే వచ్చావయ్యా సాయిబూ! దేవుడల్లే వచ్చి నా బిడ్డనిచ్చావు" అని ఏడ్చింది. సాయిబు "ఊరుకోమ్మా, నీ చేతులకు కారముంది, మండుద్ది" అని చెయ్యి లాక్కున్నాడు.

నేనేం చేశానో చెప్పనా? జేబులోంచి నోటుబుక్కు తీసి ఆ మాట రాసుకున్నాను. పాక ఇంకా కాలుతూనే ఉంది. "దేవుడల్లే" అని రాసి కింద గీత గీశాను. మన పల్లెల్లో నోరున్న ప్రతివాడూ అనే మాటే. దాహానికి నీళ్లిచ్చినవాణ్ణంటారు, చీకట్లో దారి చూపినవాణ్ణంటారు. దానికి దీర్ఘం లేదు, ఆశ్చర్యార్థకం లేదు. ఎదురుగా నిలబడి ఒళ్లు కాల్చుకున్న మనిషిని తప్ప ఆ మాట ఇంకెవరినీ అనలేం. నా నిఘంటువులన్నిట్లో అంత బరువున్న మాట లేదనిపించింది.

గంట తర్వాత ప్రెసిడెంటు జీపులో వచ్చాడు. పట్టు కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని, "బోరేలు ఏమన్నా మిగిలినయ్యా?" అని అడిగాడు.

రెండు వారాల్లో వార్షికోత్సవం. ఈసారి నేను రెండు పత్రాలు రాశాను. ఒకటి ప్రెసిడెంటుకు మామూలుది. రెండోది సాయిబుకు, నాలుగే నాలుగు పంక్తులు, ఆ తల్లి అన్న మాటను అన్నట్టే పెట్టి. హెడ్మాస్టరు ముందు రెండోది చదివాడు.

"ప్యూనుకు సన్మాన పత్రమా? మీకేమన్నా మతి పోయిందా?"

"పిల్లల్ని కాపాడాడు గదండీ."

"కాపాడాడు. బక్షీసిద్దాం, సరిపోతుంది." మళ్లీ కాగితం చూశాడు. "ఈ ముక్క మాత్రం బాగుందండీ. దేవుడల్లే వచ్చి అగ్నిలోంచి పిల్లల్ని కాపాడటం... దీన్ని ప్రెసిడెంటు గారికి వేయండి. ఆయన మాత్రం రాలేదా?"

"ఆ మాట ఒకామె సాయిబును అన్నదండీ."

"మాటకు మనిషేమిటండీ తెలుగూ? నిఘంటువులో ఉన్న మాటల మీద పేర్లు రాసి ఉన్నాయా?" బల్ల మీద ఒక ఫైలు తట్టాడు. "మీ పర్మనెంటు కాగితం ఇందులోనే ఉంది. ఆయన సంతకమే తరువాయి."

నా భార్య అప్పుడు పురిటికి పోయి ఉంది. అది సాకు కాదు, ఉన్నమాట చెబుతున్నాను. ఆ సాయంత్రమే కూర్చుని నా చేత్తో రాశాను. "దేవుడల్లే" అన్నది బంగారు అక్షరాల్లో మోటుగా ఉంటుందని, "అగ్నికీలల మధ్య చిక్కిన పసికందులను రక్షింప దైవమువలె ఏతెంచిన మహానుభావా!" అని మార్చాను. అట్లా మార్చమని హెడ్మాస్టరు చెప్పలేదు. నాకే తోచింది. బావమరిది వచ్చి చూసి, "ఇదీ మాటంటే!" అని నా వీపు చరిచాడు. ఉత్సవం నాడు నేనే చదివాను. చప్పట్లు కొట్టారు. చేతికి గుడ్డ కట్టుకుని వెనక గోడకానుకుని నిలబడ్డ సాయిబు కొట్టలేదు. ఒంటిచేత్తో ఎట్లా కొడతాడు?

నెల తిరక్కుండా పాక కాలిపోయినందుకు బోర్డు నుంచి విచారణకు ఒక అధికారి వచ్చాడు. మంచివాడే, నిదానస్థుడు. బూడిద చూశాడు. పత్తి సంగతి ఎవరూ ఎత్తలేదు. సాయిబు బీడీ తాగి పారేస్తే అంటుకుందని కమిటీ రాసిచ్చింది. పొడుం పీల్చేవాడికి అగ్గిపెట్టెతో ఏం పని అని ఒక్కడూ అడగలేదు. అధికారి హాల్లోకి వచ్చి గోడ ముందు నిలబడి ఐదో పత్రం మొదటి నుంచి చివరి దాకా చదివాడు.

"ఇది రాసిందెవరు?"

"నేనేనండీ" అన్నాను.

"పిల్లల్ని ప్రెసిడెంటు గారు కాపాడారా?"

హెడ్మాస్టరు నా పక్కనే ఉన్నాడు. "అది... సన్మాన పత్రమండీ" అన్నాను. ఆయనకు అర్థమవుతుందనుకున్నాను. చదువుకున్నవాడు గదా.

"సన్మాన పత్రమైతే? అబద్ధం రాస్తారా?"

ఇప్పటికీ ఆ ప్రశ్న నాకు వినిపిస్తుంది. అంత సూటి ప్రశ్న నా ఉద్యోగంలో ఇంకెవరూ వేయలేదు. ఇంకెవరూ నాకు అంత మంచి అవకాశమూ ఇవ్వలేదు.

"లేదండీ" అన్నాను.

అధికారి సాయిబును పిలిపించాడు. "పిల్లల్ని ప్రెసిడెంటు గారు కాపాడితే, ఆ వేళప్పుడు నువ్వెక్కడున్నావు?"

సాయిబు నా వంక ఒకసారి చూశాడు. "పొగలో నాకు పిల్లలు తప్ప ఇంకెవరూ కనపళ్లేదండీ" అన్నాడు. పదిహేనేళ్ల ఉద్యోగం ఆ వారంలోనే పోయింది. చెయ్యి ఇంకా పచ్చిపుండుగానే ఉంది. పెళ్లాం బిడ్డల్తో బండెక్కి ఊరు వదిలి పోయాడు. మరుసటి నెలలో నేను పర్మనెంటయ్యాను.

కొన్నాళ్లకు చేలగట్టు మీద ఆ తల్లి నాకెదురొచ్చింది. తట్ట దించి దారికి అడ్డంగా నిలబడింది. "పంతులయ్యా, నేను సాయిబునంటే తమరు మిల్లు దొరకు రాశారంట గదా. నా మాట నాకు తిరిగియ్యి" అంది. పక్కనున్న ఆడవాళ్లు "పోనీవే, పంతులు" అని లాగారు. ఆమె కదల్లేదు. నేనే పక్కకు దిగి, పత్తిచేలోంచి నడిచి పోయాను.

అప్పుడు పట్టింది నాకు మొండితనం. ఉద్యోగం గట్టిపడ్డాక వచ్చిన ధైర్యం గనుక దానికి విలువ లేదు, నాకు తెలుసు. అయినా పిల్లల్ని కాపాడింది సాయిబేనని, ఆయన ఉద్యోగం ఆయనకివ్వమని అర్జీలు మొదలుపెట్టాను. మొదటి అర్జీ గుంటూరులో బోర్డు ఆఫీసుకు స్వయంగా తీసుకుపోయాను. గుమాస్తా పైపైన చూసి వెనక్కి తోశాడు.

"ఏమండీ, పండితులై ఉండి పై మర్యాద మరిచిపోయారే! 'గారి దివ్యసముఖమునకు' అని ఉండాలి గదా."

"మరిచిపోలేదు. కావాలనే రాయలేదు."

"రాయకపోతే తీసుకోను."

"ఆ సముఖంలో దివ్యమేముందో చూపించండి, రాస్తాను."

"ఒరేయ్, పంతులుకు దివ్యత్వం చూపించండ్రా!" అని గుమాస్తా అరిచాడు. ఆఫీసంతా నవ్వింది. ఆ నవ్విన మొహాలు నాకింకా గుర్తున్నాయి. మూడుసార్లు అట్లాగే తిప్పి పంపారు. నాలుగోసారి రాశాను. దివ్యసముఖమునకు అని రాశాను, కలం విరిగిపోయేంత నొక్కి రాశాను. అర్జీతో పాటు ఆ తల్లి వేలిముద్ర కూడా పెట్టించాను. నన్ను తిడుతూనే వేసింది. ఏడాదికి జవాబొచ్చింది. "సదరు సంఘటనలో పిల్లలను రక్షించినది ఎవరన్నది తాము స్వయముగా రచించిన సన్మాన పత్రమందే స్పష్టముగా ఉన్నందున..." అని. నా వాక్యాన్ని పొల్లుపోకుండా ఎత్తి రాశారు. "దైవమువలె ఏతెంచిన". ఏడేళ్లలో ఎన్ని అర్జీలు పెట్టినా అదే వాక్యం తిరిగొచ్చింది. చివరికి విసిగిపోయి నన్ను దాచేపల్లి వైపు సున్నపురాళ్ల దేశానికి బదిలీ చేశారు.

బడి వదిలే రోజు హాల్లోకి పోయి, స్టూలెక్కి, ఐదో పత్రం గోడ మీంచి దించాను. హెడ్మాస్టరు పరిగెత్తుకొచ్చాడు.

"ఏం చేస్తున్నారు? అది బడి ఆస్తి!"

"రాసింది నేను."

"రాస్తే? దాని మీద మీ పేరెక్కడుంది?"

నిజమే, లేదు. "ఇట్లు, విధేయులైన పౌరులు" అని ఉంది. అయినా చంకన పెట్టుకుని నడిచాను. "మిమ్మల్నొదలను తెలుగూ!" అని వెనక నుంచి అరిచాడు. నన్ను వదిలించుకోవడానికేగా బదిలీ చేయించింది!

గుంటూరులో దాచేపల్లి బస్సు ఎక్కాల్సినవాణ్ణి పెదకాకాని బస్సెక్కాను. సాయిబు అక్కడ గుడి వీధి మొదట్లో బడ్డీ పెట్టుకుని, యాత్రికుల గొడుగులూ తాళాలూ బాగుచేస్తున్నాడని డ్రిల్లు మాస్టరు చెప్పాడు. మనిషి సగమయ్యాడు. కుడిచేతి వేళ్లు పూర్తిగా ముడవలేడు, ఎడంచేత్తో గొడుగు ఊచలు వంచుతున్నాడు. నన్ను చూసి లేచాడు.

"రండి పంతులుగారండీ. కూర్చోండి." ఉన్న ఒక్క పెట్టెనూ నాకు జరిపాడు.

పటం ఆయన ముందు పెట్టాను. తుడిచే అలవాటు పోలేదు, కండువాతో అద్దం తుడిచాడు.

"నేను తుడిచినప్పుడు ఇది ఉందాండీ?"

"లేదు. మీరు వెళ్లే ముందు తగిలించారు."

"చదవండి."

చదివాను. వీధిలో వచ్చేపోయేవాళ్లు ఆగి వింటున్నారు. ప్రతి పిలుపు దగ్గరా నా గొంతు దానంతటదే పైకి లేస్తోంది, పాపిష్టి అలవాటు. పసికందుల పేరా కూడా చదివాను. సాయిబు పొడుం పీలుస్తూ తల వంచుకుని విన్నాడు. అంతా అయ్యాక అడిగాడు.

"ఇందులో నేనెక్కడున్నానండీ?"

"ఎక్కడా లేరు."

"ఓహో" అన్నాడు.

పటం తిప్పి, వెనక మేకులు ఒక్కొక్కటీ ఊడదీశాడు. అద్దం జాగ్రత్తగా తీసి పక్కన పెట్టుకున్నాడు. కాగితం చుట్టచుట్టి నా చేతికిచ్చాడు.

"అద్దం నాకుంచండి. దుమ్ము పడకుండా బడ్డీకి పనికొచ్చిద్ది. కాగితం మీది, మీరు తీసుకుపోండి."

"క్షమించానని ఒక్కమాట అనండి" అన్నాను, బతిమాలినట్టే అన్నాను.

"మాటలు మీ దగ్గర చాలా ఉన్నాయి గదండీ" అన్నాడు. గొడుగు అందుకుని మళ్లీ పనిలో పడ్డాడు.

ఆ కాగితం ఇప్పటికీ నా పెట్టెలోనే ఉంది. బంగారు రంగు వెలిసి ఆకుపచ్చగా దిగింది. పత్రం రాసిపెట్టమని వచ్చిన కుర్రపండితుల చేతికి ముందు ఇదిచ్చి, ఇది చదవండి, చదివి ఏమనిపించిందో చెప్పండి, తర్వాత మాట్లాడదాం అంటాను. వాళ్లు గొంతు సవరించుకుని పైకే చదువుతారు. పిలుపు వచ్చినప్పుడల్లా వాళ్ల గొంతు కూడా లేస్తుంది. పసికందుల దగ్గరికి వచ్చేసరికి ఒకరిద్దరికి కళ్లు కూడా చెమరుస్తాయి. చదవడం అయ్యాక కాగితం మడిచి రెండు చేతులా నాకిస్తారు.

"అబ్బ, దివ్యంగా ఉందండీ మాస్టారూ" అంటారు.